మనిషి కొలతకు ఛాసీ



దర్జీ దగ్గరికి వెళితే ముందు టేపు తీసి మన ఒళ్లు కొలుస్తాడు, ఆ తర్వాతే గుడ్డ మీద కత్తెర పెడతాడు. కార్ల కంపెనీలకు అలా కుదరదు. లక్షల కార్లు ఒకే కొలతకు తయారుచేసి వదులుతారు. సీటు కాస్త ముందుకో వెనక్కో జరుపుకొని, అద్దం సరిచేసుకొని మనమే ఆ కారులో సర్దుకుంటాం. చాలామందికి దాంతో సరిపోతుంది. మోకాలు వంగనివాళ్లకు, నడుం కింద స్పర్శ లేనివాళ్లకు, ఒక కాలు పోయినవాళ్లకు మాత్రం ఆ కాస్త సర్దుబాటు చాలదు. మామూలు కారులో వాళ్లకోసం చేయగలిగేవి చాలావరకు పైపై మార్పులే. బ్రేకుకు ఒక చేతిమీట తగిలిస్తారు, స్టీరింగ్‌కు ఒక గుండ్రటి పిడి బిగిస్తారు. కారుకు ఆధారమైన చట్రం, అంటే ఛాసీ జోలికి పోరు. నేను ఈపూట మాట్లాడబోయేది ఆ ఛాసీనే నడిపే మనిషికి తగ్గట్టు మార్చడం గురించి. అది సాధ్యమయ్యేది కిట్ కారులో.

కిట్ కారు అంటే విడిభాగాలుగా కొని, ఇంటి గరాజ్‌లో సొంతంగా బిగించుకునే కారు. ఈ అలవాటు బాగా పాతుకున్న దేశం బ్రిటన్. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న, తేలికైన, తలుపుల్లేని కారు తెచ్చాడు. పూర్తిగా తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి, భాగాలుగా కొంటే అక్కర్లేదు. అందుకని దాన్ని కిట్‌గా అమ్మారు. బిగించే విధానం రాసిన పుస్తకం కూడా ఇస్తే పన్ను పడుతుందని, విప్పే విధానం రాసిన పుస్తకం ఇచ్చారనీ, కొన్నవాళ్లు దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకున్నారనీ అక్కడి కార్లవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి. పన్ను లాభం పోయినా కారు కట్టుకునే సరదా పోలేదు. 1996లో రాన్ చాంపియన్, 250 పౌన్లలో సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో చెబుతూ పుస్తకం రాశాడు. దాంతో వెల్డింగ్ మెషిన్ ఉన్న మామూలు మనుషులు కూడా పనిలోకి దిగారు.

ఆ పుస్తకంలోని ఛాసీకి వాడేది అంగుళం చదరపు ఇనుప గొట్టం, మందం 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో గేట్లూ గ్రిల్సూ చేసే షాపులో గోడకు చేరేసి ఉంటుందే, ఆ స్క్వేర్ పైపు లాంటిదే. ఆ గొట్టాలను త్రిభుజాలు త్రిభుజాలుగా కలిపి వెల్డింగ్ చేస్తే తొట్టిలాంటి ఒక ఆకారం వస్తుంది. డ్రైవరూ, పక్కన ఇంకొకరూ ఆ తొట్టి అడుగున, నేలకు బాగా దగ్గరగా కూర్చుంటారు. ఇద్దరి మధ్య నుంచి వెనక చక్రాలకు తిరిగే షాఫ్టు వెళ్లే సొరంగం. ఫ్యాక్టరీలో రేకును అచ్చులో నొక్కి తీసిన కారు బాడీని కోసి మళ్లీ కలపడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. గొట్టాల చట్రాన్ని మాత్రం లెక్క తెలిసిన మనిషి కోసి, పొడిగించి, మళ్లీ అతకగలడు. అందుకే కాలో చెయ్యో సహకరించనివాళ్లకు కిట్ కారు ఒక అవకాశం ఇస్తుంది.

మనిషి కోసం బండి కట్టడం ఆ దేశంలో కొత్తేమీ కాదు. బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజినీరు, పుట్టుక నుంచి కాళ్లు పనిచేయని తన కజిన్ డెర్రీ ప్రెస్టన్ కాబ్ చక్రాల కుర్చీకి గడ్డి కోసే మెషిన్ ఇంజిన్ బిగించాడు. అందులోంచే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇన్వాకార్ కంపెనీ పుట్టింది. మూడు చక్రాల లేతనీలం బళ్లను అక్కడి ప్రభుత్వం వైకల్యం ఉన్నవాళ్లకు కొన్ని దశాబ్దాలపాటు ఇచ్చింది. అయితే ఆ బళ్లలో ఒకటే సీటు. భార్యనో పిల్లవాణ్నో పక్కన కూర్చోబెట్టుకోవడానికి లేదు. భద్రత చాలదని 2003లో వాటిని రోడ్ల మీద నిషేధించారు. ఒక కజిన్ కోసం అతని ఒంటి కొలతతో మొదలైన పని, అందరికీ ఒకటే అచ్చు అయ్యేసరికి ఆ గుణం పోగొట్టుకుందని నాకు అనిపిస్తుంది. రెండో సీటు పెట్టాలన్న ఆలోచన, ఆ బళ్లు నడిపేవాళ్లను అడిగి ఉంటే మొదటి రోజే వచ్చేది.

ఇప్పుడు ఒకామెను ఊహించుకుందాం. వెన్నుపూసకు దెబ్బ తగిలి నడుం కింద కదలిక, స్పర్శ పోయాయి. చేతులు బలమైనవి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఆమెకు సెవెన్ లాంటి కారు కట్టుకొని నడపాలని ఉంది. ఏం చేయాలి?

ఇనుము జోలికి పోకముందు కొలతలు తీయాలి. తుంటి నుంచి మడమ దాకా, తుంటి నుంచి భుజం దాకా, భుజం నుంచి పిడికిలి దాకా, తొడల వెడల్పు. చెయ్యి ముందుకు తోసేటప్పుడు బలమెంత, వెనక్కి లాగేటప్పుడు ఎంత. వేళ్లతో గట్టిగా పట్టుకోగలదా, అరచేత్తో తోయడమే తేలికా. నడుం మీద పట్టు లేనివాళ్లు ఒక చెయ్యి ముందుకు చాస్తే ఒళ్లంతా ముందుకు వాలిపోతుంది, అందుకే వీపు సీటుకు ఆన్చి ఉంచి చెయ్యి ఎంతదూరం అందుతుందో చూడాలి. ఈ కొలతలన్నీ ఆమె రోజూ వాడే కుషన్ మీద కూర్చోబెట్టే తీయాలి. స్పర్శ లేనిచోట ఒత్తిడి పుండ్లు పడకుండా వాళ్లు వాడే కుషన్ మూడు నాలుగంగుళాల మందం ఉంటుంది. దాన్ని మరిచిపోయి ఛాసీ కట్టేస్తే, ఆమె కూర్చోగానే తొడలు స్టీరింగ్‌కు ఆనుతాయి, కళ్లు ముందుటద్దం పైఅంచుకు వస్తాయి. కృత్రిమ కాలు వాడేవాళ్లకైతే కాలు పెట్టుకొని ఒకసారి, తీసేసి ఒకసారి కొలవాలి.

తర్వాత ప్లైవుడ్డుతో, అట్టముక్కలతో ఉత్తుత్తి ఛాసీ ఒకటి చేయాలి. నేల, సొరంగం, పక్క గోడ, స్టీరింగ్ ఉండే చోటు, అన్నీ అసలు కొలతలో. అందులో ఆమె కనీసం ఒక గంట కూర్చోవాలి. అయిదు నిమిషాలకు బాగానే ఉన్నట్టు అనిపించేది గంటకు భుజం నొప్పిగా బయటపడుతుంది. ప్లైవుడ్డు కోయడానికి పది నిమిషాలు, ఇనుము కోసి మళ్లీ అతకడానికి వారం. ఈ దశను దాటేసి నేరుగా గ్రైండర్ పట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక కారులోకి ఎక్కడం. బయటివాళ్లు వైకల్యం ఉన్నవాళ్ల గురించి ఎలా నడుపుతారని అడుగుతారు. చాలాసార్లు నడపడం కంటే ఎక్కడం దిగడమే కష్టం. చక్రాల కుర్చీ సీటు నేల నుంచి దాదాపు 45, 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సెవెన్ సీటు జానెడుకు అటూ ఇటూ. మధ్యలో తలుపులేని పక్కగోడ. ఆమె కుర్చీని వెనక చక్రం మడ్‌గార్డు పక్కకు తెచ్చి, బ్రేకు వేసి, ఒక చెయ్యి తలవెనక ఉండే రోల్‌బార్ మీద వేస్తుంది. రెండో చెయ్యి కుర్చీ మీద. ఒంటి బరువంతా చేతుల మీద ఎత్తి పక్కగోడ అంచు మీదికి మారుతుంది. అక్కడ కాసేపు ఆగి, ఒక కాలు మోకాలి కింద చేత్తో పట్టుకొని ఎత్తి లోపల పెడుతుంది, తర్వాత రెండోది. స్టీరింగ్ చక్రం ఊడదీసి పక్కన పెట్టే ఏర్పాటు ఉంటేనే ఆ కాళ్లు లోపలికి వెళతాయి. చివరికి అంచు మీంచి నెమ్మదిగా సీట్లోకి జారుతుంది. సీట్లోకి దిగడానికి ఒంటి బరువు పనికొస్తుంది. మళ్లీ బయటికి రావడానికి మాత్రం అదే బరువును అడుగున్నర ఎత్తు లేపుకోవాలి, అదీ రోజంతా నడిపి అలసిపోయాక.

ఈ కదలికను దగ్గరుండి గమనిస్తే ఛాసీలో ఏం మార్చాలో దానంతటదే తెలుస్తుంది. ఆమె కూర్చునే ఆ అంచు అంగుళం గొట్టం. స్పర్శ లేని చర్మానికి అంగుళం అంచు ప్రమాదం. దాని మీద వెడల్పాటి పలక ఒకటి అమర్చాలి, ఎక్కాక తీసి లోపల పెట్టుకునేలా. రోల్‌బార్‌కు చేతిపట్టు వెల్డింగ్ చేయాలంటే అది నిలబడే చోటు చూడాలి. నాలుగైదు గొట్టాలు కలిసే కూడలి దగ్గర బలం ఉంటుంది, ఒంటరి గొట్టం నడుమన ఉండదు.

పక్కగోడ పైగొట్టాన్ని కోసి కిందికి దించితే ఎక్కడం సులువవుతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే లెక్క కావాలి. పైగొట్టం, కిందిగొట్టం, మధ్యలో ఏటవాలు గొట్టాలు కలిసి ఒక దూలంలా పనిచేస్తాయి. పై కింద గొట్టాల మధ్య దూరం సగానికి తగ్గిస్తే వంగకుండా తట్టుకునే బిగువు సగానికి కాదు, నాలుగోవంతుకు పడిపోతుంది. పోయిన బలాన్ని గొట్టం మందం రెట్టింపు చేసి తెచ్చుకుందామంటే బిగువు రెట్టింపే అవుతుంది, అంటే మొదటున్నదాంట్లో సగం. పైకప్పు లేని కారు ఇది, మెలిక పడకుండా ఆపడానికి ఈ పక్కగోడలూ మధ్య సొరంగమే దిక్కు. గోడ దించి తీరాలంటే సొరంగాన్ని పైన మూసేసి, ఏటవాలు గొట్టాలు వేసి, దాన్నే ముఖ్యమైన వెన్నుగా మార్చాలి. కింది గొట్టాన్ని అంగుళం నుంచి రెండంగుళాల లోతుకు పెంచాలి. ఇంత చేసినా రెండు మూడు అంగుళాలకు మించి దించడం నాకు ఇష్టం ఉండదు.

దానికంటే మనిషిని లేపడం మేలు. సీటు కింద చిన్న మోటారు పెట్టి, బటన్ నొక్కితే సీటు పక్కగోడ అంచు ఎత్తుకు లేచేలా చేయవచ్చు. బరువు పెరుగుతుంది, అర టన్ను కారులో ప్రతి కిలో లెక్కే. అయినా గొట్టాలు కోయాల్సిన పని లేదు, పక్కగోడ బలం అలాగే ఉంటుంది. సీటుబెల్టులు మాత్రం ఛాసీకే కట్టాలి. లేచే సీటు కిందికి దిగి గట్టిగా తాళం పడిన తర్వాతే కారు కదలాలి.

మోకాలు వంగని మనిషి సంగతి వేరు. ఆయనకు కాలు చాచుకోవడానికి చోటు కావాలి. పెడల్స్‌ను ముందుకు జరుపుదామంటే అక్కడ ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్ అడ్డం. సీటును వెనక్కి జరుపుదామంటే వెనక ఇరుసు, పెట్రోలు ట్యాంకు అడ్డం. మిగిలింది కింద. సీటు కిందిభాగంలో నేలను కొన్ని సెంటీమీటర్లు దించితే ఒళ్లు కిందికి వెళ్లి, కాలు కోణం మారి, కాస్త చోటు పుడుతుంది. స్పీడ్ బ్రేకర్లకు తగులుతుందేమో చూసుకోవాలి. అదీ చాలకపోతే ఛాసీ పొడవే పెంచాలి. అప్పుడు షాఫ్టు కొత్తది చేయించి బ్యాలెన్స్ చేయించాలి, బ్రేకు పైపులు, వైర్లు అన్నీ పొడిగించాలి. కేటర్‌హామ్ కంపెనీ పెద్ద శరీరాలవాళ్ల కోసం మామూలు దానికంటే 11 సెంటీమీటర్లు వెడల్పైన ఎస్‌వీ ఛాసీని అమ్ముతూ వచ్చింది. చేతనైతే అలాంటి పెద్ద ఛాసీతో మొదలుపెట్టడమే తెలివి. సగం మార్పు అప్పటికే జరిగి ఉంటుంది.

మళ్లీ మన ఆమె దగ్గరికి వద్దాం. కాళ్లతో చేసేవన్నీ చేతులతో చేయాలి. మామూలుగా వాడే పద్ధతి, స్టీరింగ్ పక్కన ఒక మీట. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే యాక్సిలరేటర్. బ్రేకు తోసేలా ఉండాలి, ఎందుకంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒళ్లు ముందుకే వెళుతుంది, ఆ ఊపు కూడా కలిసొస్తుంది. కానీ సెవెన్ లాంటి కార్లలో చాలావాటికి బ్రేకు బలం పెంచే సర్వో ఉండదు. కాలితో తొక్కినంత బలం చేతికి రాదు. అందుకని మీట పొడవు పెంచడమో, బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ సైజు తగ్గించడమో చేస్తారు. ముప్పావు అంగుళం సిలిండర్ బదులు అయిదు బై ఎనిమిది అంగుళాలది వేస్తే కావలసిన బలం సుమారు 30 శాతం తగ్గుతుంది. మీట కదలాల్సిన దూరం మాత్రం 44 శాతం పెరుగుతుంది. ఆ దూరం ఆమె చెయ్యి చాచే కొలతలో ఉందా? ప్లైవుడ్డు ఛాసీలో కూర్చోబెట్టి తీసిన కొలత ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ మీట ఇరుసును పలచని డాష్‌బోర్డు రేకుకు బిగించకూడదు, గొట్టానికి బ్రాకెట్ వెల్డింగ్ చేసి దానికే బిగించాలి. లేకపోతే అవసరంలో రేకు వంగుతుంది, బ్రేకు పడదు.

క్లచ్చికి ఒక చక్కని దారి ఉంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ వేసిన కిట్ కార్లు చాలా ఉన్నాయి. బైకు క్లచ్చి పుట్టుకతోనే చేతితో నొక్కేది. గేరు మీట మీదే క్లచ్చి లీవరు పెడితే సరిపోతుంది. బైకు ఇంజిన్‌కు రివర్స్ గేరు ఉండదు, దానికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

ఈ విద్యంతా పందేల్లో రాటుదేలింది. 1980లో లాంగ్‌బీచ్ పందెంలో బ్రేకు ఫెయిలై నడుం కింద చచ్చుబడిన రేసింగ్ డ్రైవర్ క్లే రెగజోనీ తర్వాత చేతి మీటలున్న బండితో డకార్ ర్యాలీకి వెళ్లాడు. 2001 సెప్టెంబరులో జర్మనీలో పందెంలో జరిగిన ప్రమాదంలో రెండు కాళ్లూ పోయిన అలెక్స్ జనార్డీ, 2003లో అదే ట్రాక్‌కు వచ్చి మిగిలిపోయిన 13 ల్యాపులు పూర్తిచేశాడు. తర్వాత బీఎండబ్ల్యూ టూరింగ్ కారులో కృత్రిమ కాలితో బ్రేకు తొక్కుతూ, స్టీరింగ్‌కు అమర్చిన రింగుతో వేగం పెంచుతూ ప్రపంచ స్థాయి పందేలు గెలిచాడు. 2019లో అమెరికాలో డేటోనా 24 గంటల పందెంలో కృత్రిమ కాళ్లు తీసేసి, బ్రేకును కూడా చేతి మీటకు మార్చుకున్నాడు. అదే కారును కాళ్లున్న డ్రైవర్లు కూడా వంతులవారీగా నడిపారు. నాలుగు అవయవాలూ పోయిన ఫ్రెడరిక్ సోసే 2016లో లమాన్ 24 గంటల పందెం పూర్తిచేశాడు. యాక్సిలరేటర్, బ్రేకు తొడలతో నడిపాడు. సోసేకు సరిపోయిన ఏర్పాటు జనార్డీకి పనికిరాదు. ఎవరి ఒంట్లో ఏం మిగిలిందో చూసి, దాన్నే ఆధారం చేసుకొని కట్టారు.

వేడి గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేను. ఇలాంటి కార్లలో గేరుబాక్సు, సైలెన్సర్ పైపు కాళ్లకు చాలా దగ్గర. వేసవిలో ఆ రేకు మీద చెయ్యి పెట్టలేం. మనకైతే కాలు చుర్రుమంటుంది, జరుపుకుంటాం. మనం ఊహించుకున్న ఆమెకు తెలియదు. 50 డిగ్రీల వేడి కొన్ని నిమిషాలు అలాగే తగులుతుంటే చర్మం కాలుతుంది, ఇంటికెళ్లి బట్టలు మార్చుకునేటప్పుడు గానీ చూసుకోదు. స్పర్శ లేనిచోట పడిన గాయం మానడానికి నెలలు పట్టవచ్చు. అందుకని సొరంగానికి, ముందు గోడకు వేడి ఆపే పొర వేయాలి. కాళ్లు కదిలిపోయి సైలెన్సర్ వైపు వాలకుండా పాదాలకు మెత్తటి పట్టీలు కట్టాలి. వాడని పెడల్స్ మీద మూత పెట్టాలి, కండరాలు వాటంతటవే బిగిసి కాలు ఎగిరిపడితే పెడల్ కిందికి పాదం దూరకుండా. పక్కనుంచి సైలెన్సర్ వెళ్లే మోడల్ అయితే, ఆమె ఎక్కే వైపు అది ఉండకూడదు. అనుకోకుండా మంటలు వస్తే ఎవరి సాయమూ లేకుండా ఎంతసేపట్లో బయటపడగలదో బండి రోడ్డెక్కకముందే పరీక్షించి చూడాలి.

బ్రిటన్‌లో ఇలా కట్టిన కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ తనిఖీ ఉంది. 1998లో కార్లకు మొదలైన ఈ తనిఖీ పద్ధతి 2009 నుంచి ఐవీఏ అనే పేరుతో మరింత కట్టుదిట్టంగా నడుస్తోంది. బెల్టులు ఛాసీకి పట్టిన చోట్లు, బ్రేకులు, స్టీరింగ్ చూస్తారు. బయటికి పొడుచుకొచ్చిన అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉన్నాయా అని కూడా కొలుస్తారు. గరాజ్‌లో ఒంటరిగా వెల్డింగ్ చేసుకున్న మనిషి పనిని తెలిసినవాడొకడు తేరిపార చూడటం నాకు మంచి ఏర్పాటుగా కనిపిస్తుంది.

మన దేశంలో ఇంట్లో కారు కట్టుకొని రిజిస్టర్ చేయించడం తేలిక కాదు. కానీ ఈ పని మనకు బొత్తిగా తెలియంది కూడా కాదు. పోలియో వచ్చినవాళ్లు సైడ్ వీల్స్ వేయించుకున్న స్కూటర్ల మీద ఉద్యోగాలకు, వ్యాపారాలకు వెళ్లడం మన ప్రతి ఊళ్లోనూ చూస్తాం. ఆ చక్రాల ఫ్రేము కూడా ఒక ఛాసీయే. ఎడమకాలు బలహీనంగా ఉన్న మనిషికీ, రెండు కాళ్లూ పనిచేయని మనిషికీ చాలా షాపుల్లో ఒకటే ఫ్రేము తగిలిస్తారు. నిజానికి మొదటివారికి స్కూటర్ ఎక్కేవైపు చక్రం కాస్త వెనక్కి ఉండాలి. రెండోవారికి నేరుగా జారి కూర్చునేలా సీటు పక్కన పలక కావాలి, చంకకర్రలు పెట్టుకునే చోటు కావాలి. చక్రాలు వేశాక స్కూటర్ మలుపులో వంగదు, వేగంగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది. చక్రాల మధ్య దూరం పెంచితే నిలకడ పెరుగుతుంది, ఆ మనిషి ఉండే సందులో బండి పట్టదు. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఆ మనిషినీ ఆ సందునూ చూసి తేల్చాలి.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. వైకల్యం ఉన్నవారి కోసం చేసే మార్పులకు మాత్రం వీలుంది. అలాంటి బండిని ఆ చట్టం మొదట ఇన్వాలిడ్ క్యారేజ్ అనేది, 2019 సవరణలో దాన్ని తీసేసి అడాప్టెడ్ వెహికల్ అని పెట్టారు. మొదట్లో ఉన్న నిర్వచనంలోకి ప్రత్యేకంగా తయారైన బండే వచ్చేది, మార్పులు చేసిన మామూలు బండి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ బండి కూడా అందులోకి వచ్చింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా బండి మార్పించే ఆలోచన ఉంటే, ముందు రవాణా శాఖ ఆఫీసులో అనుమతి సంగతి కనుక్కోండి. ఆ తర్వాత మెకానిక్ దగ్గరికి వెళ్లండి, నడపబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. టేపు తీసి కొలవకుండానే రేటు చెప్పే షాపైతే ఇంకో షాపు చూసుకోండి.